సుమీ నుంచి పోల్తావా దాకా: నా అనుభవం

ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న మనవాళ్లలో ఆఖర్న బయటపడింది మేమే, సుమీ వాళ్లం. కీవ్‌లో ఉన్నవాళ్లు ఎలాగోలా రైలెక్కి పడమటి సరిహద్దులకు చేరారు. మాకు ఆ వీల్లేదు. ఉక్రెయిన్ ఈశాన్యాన ఉన్న మా ఊరు సుమీ రష్యా సరిహద్దుకు మరీ దగ్గర. 2022 ఫిబ్రవరి 24న దాడి మొదలవగానే రైళ్లు ఆగిపోయాయి. దాదాపు 700 మంది భారతీయులం హాస్టళ్లలోనే ఉండిపోయాం.

మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో రష్యాకు వ్యతిరేకంగా తీర్మానం వచ్చింది. 141 దేశాలు సరేనన్నాయి, 5 వద్దన్నాయి, 35 ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. ఆ 35లో మనమూ ఉన్నాం. హాస్టల్ కాపలా చూసే బాబుష్కా (ముసలమ్మ), బంకర్లో మాకు టీ పోసే మనిషి, "మీ దేశం ఎందుకు మాట్లాడదు?" అని అడిగింది. తల దించుకున్నాను. అదే రోజు ఫోన్లో నాన్న, "మనకి రష్యా, ఉక్రెయిన్ ఇద్దరితోనూ మంచిదేనమ్మా, నీకేం కాదు, జెండా దగ్గర పెట్టుకో" అన్నాడు.

మర్నాడు విద్యుత్ కేంద్రం దెబ్బతింది. కరెంటు, నీళ్లు పోయాయి. బయట పడ్డ మంచు బకెట్లకెత్తి కరిగించుకున్నాం. నడిచైనా సరిహద్దుకు పోతామని మావాళ్లు కొందరు వీడియో పెట్టారు. కదలొద్దని ఎంబసీ చెప్పింది. చెప్పడం తేలిక.

చిక్కంతా దారి దగ్గరే. మన ఎంబసీ బృందం అప్పటికే సుమీకి దక్షిణాన ఉన్న పోల్తావాలో ఉంది. రెండు సైన్యాలూ ఒకే దారికి, ఒకే వేళకు కాల్పులు ఆపడానికి ఒప్పుకోవాలి. మార్చి 7న బస్సులొచ్చాయి. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ లోపలికి పొమ్మన్నారు. ఆ రోజే ప్రధాని మోదీ ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీతో దాదాపు 35 నిమిషాలు, రష్యా అధ్యక్షుడు పుతిన్‌తో దాదాపు 50 నిమిషాలు మాట్లాడారట. మమ్మల్ని బయటకు పంపే సంగతి ఇద్దరితోనూ ఎత్తారు. జెలెన్‌స్కీతో నేరుగా మాట్లాడమని పుతిన్‌ను కోరారు. ఇరుపక్షాలనూ పదేపదే అడిగినా సుమీ దారి తెరుచుకోలేదని భద్రతా మండలిలో మన ప్రతినిధి తిరుమూర్తి చెప్పారు. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. ఆ రాత్రి ఊళ్లో ఇళ్ల మీద బాంబులు పడి ఇరవై మందికి పైగా చనిపోయారు.

తెల్లారి, 8వ తేదీన, నిజంగానే కదిలాం. రెడ్‌క్రాస్, ఎంబసీ వాళ్లు తోడుగా వచ్చారు. బస్సులు ఎంత మెల్లగా వెళ్లాయో చెప్పలేను. స్థానికులు కూడా ఆ రోజు వేలల్లో ఊరు విడిచారు. పోల్తావా నుంచి ప్రత్యేక రైల్లో పడమటి ఊరు ల్వీవ్, అక్కణ్నుంచి పోలండ్, 11న ఢిల్లీ.

మనం ఎటూ మొగ్గకపోబట్టే ఇద్దరూ ఫోనెత్తారని మా బంధువులంటారు. కొంత నిజమే. కానీ ఆ దారి ఒక్క మనకోసమే తెరవలేదు. బెలారస్‌లో జరిగిన చర్చల్లో రష్యా, ఉక్రెయిన్ రెండూ అప్పటికే మానవతా కారిడార్లకు, అంటే మామూలు జనం బయటపడే దారులకు, ఒప్పుకుని ఉన్నాయి. ఉక్రెయిన్‌లోని మరో ఊరు ఖార్కివ్‌లో మనవాళ్ల కోసం రష్యా ఆరు గంటలు యుద్ధం ఆపిందని వాట్సాప్‌లో తిరిగిన కథనైతే మన విదేశాంగ శాఖే కొట్టిపారేసింది. ఈ మాటంటే ఇంట్లో ఇప్పటికీ నామీద కోప్పడతారు!

నా లెక్కలో తటస్థతను ఇంకా గట్టిగా వాడుకున్నది తుర్కియే (టర్కీ). అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలో ఉండి, ఉక్రెయిన్‌కు డ్రోన్లు అమ్మి కూడా, రష్యా మీద ఆంక్షలు పెట్టకుండా ఇద్దరితోనూ మాటలు సాగించింది. మార్చి 29న ఇద్దర్నీ ఇస్తాంబుల్‌లో కూర్చోబెట్టింది. జులై 22న ఐక్యరాజ్యసమితితో కలిసి నల్లసముద్రం మీదుగా ధాన్యం ఓడలు వెళ్లే ఒప్పందం కుదిర్చింది. మన ప్రధాని కీవ్ వెళ్లింది 2024 ఆగస్టు 23న. శాంతి కోసం స్నేహితుడిగా తన వంతు చేస్తానన్నారు. మూడు రోజులకే ఉక్రెయిన్ మీద క్షిపణులు, డ్రోన్లతో రష్యా పెద్ద దాడి చేసింది.