చీమకుర్తి రాతి దిబ్బల మీద చెట్లు: మొక్క ధర అడిగే ముందు

చీమకుర్తి, రామతీర్థం వైపు క్వారీల వాళ్లు నర్సరీకి ఫోన్ చేస్తే ముందు అడిగేది "మొక్క ఎంత?" అని. గెలాక్సీ గ్రానైట్ అనే నల్లరాయి తీసి, పనికిరాని రాళ్లు పారబోసిన దిబ్బ మీద అడవి లేపాలంటే మొక్క ఖర్చు లెక్కలోకే రాదు. చెరువు మట్టి, పొక్లెయిన్, నీళ్ల ట్యాంకరు, మూడు వేసవుల కాపలా, డబ్బంతా వీటికే పోతుంది. మొక్కలు దించి బిల్లు తీసుకుని వెళ్లిపోయే నర్సరీ ఫొటో దిగడానికి సరిపోతుంది, అంతే.

టిప్పరు పోసినట్టే వదిలేసిన కుప్ప వాలు 35 డిగ్రీలు దాటి ఉంటుంది. దాని మీద మట్టి నిలవదు. మొత్తం వాలు 28 డిగ్రీలకు మించకుండా మెట్లలా బెంచీలు కోయించాలి. ప్రతి బెంచీ కొండవైపుకి కాస్త వాలి ఉంటే వాననీరు అక్కడే ఇంకుతుంది, అంచు తెగదు. దిబ్బ అడుగున రాతి గోడ కట్టి, దాని చుట్టూ కాలవ తీయాలి. పై మట్టిని విడిగా తీసి దాచాలని 1999 నాటి గ్రానైట్ నిబంధనల్లోనే ఉంది. పాత క్వారీల్లో ఆ మట్టి ఎప్పుడో రాళ్ల కిందకి పోయింది కాబట్టి బయటి నుంచి తోలాల్సిందే.

అసలు తేడా వచ్చేది గుంత దగ్గరే. మామూలు చేలో తీసినట్టు రెండడుగుల గుంత తీసి మట్టి నింపితే, నాటిన రోజు చూడముచ్చటగా ఉంటుంది. రాళ్ల మధ్య సందులు చేతులు పట్టేంత ఉంటాయి కదా, మొదటి పెద్దవానకే మట్టి వాటిలోకి జారిపోతుంది. వారం తర్వాత వెళ్లి చూస్తే మొక్క జానెడు దిగిపోయి, వేళ్లు గాల్లో వేలాడుతుంటాయి. అందుకని ముందు పిడికెడు సైజు రాళ్లతో సందులు మూయాలి. వాటి మీద చిప్స్, ఆపైన గ్రావెల్ వేసి దిమ్మిసతో కొట్టాలి. ఇదంతా ఎనిమిది అంగుళాలు. దాని మీద పాత గోనెసంచి ఒకటి పరిచి, మిగతా పదహారు అంగుళాలు రెండుపాళ్లు చెరువు మట్టి, ఒకపాలు మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. గోనె కుళ్లేలోపు వేళ్లు గ్రావెల్‌ని పట్టుకుంటాయి.

పదడుగుల ఎడంలో ఎకరాకు 435 గుంతలు. గుంతకు సుమారు 5.3 ఘనపుటడుగుల మిశ్రమం చొప్పున, వంద ఘనపుటడుగులు పట్టే ట్రక్కులు 23 కావాలి. అందులో పదిహేను మట్టివి, ఎనిమిది ఎరువువి. అంచనా వేసేటప్పుడు ఈ లెక్క మరిచారంటే నష్టం ఖాయం.

కోత మిల్లుల స్లర్రీ, అంటే రాయి కోసినప్పుడు వచ్చే రాతిపొడి బురద, ఊరికే వస్తుందని గుంతల్లో కలపమనేవాళ్లు ఉంటారు. వద్దు. ఆ మెత్తటి పొడి ఆరితే సిమెంటులా బిగుసుకుంటుంది, నీళ్లు దిగవు. గ్యాంగ్‌సా (చాలా బ్లేడ్లతో దిమ్మను ఒకేసారి పలకలుగా కోసే రంపం) స్లర్రీలో సున్నం కూడా ఉంటుంది, దాంతో మట్టి క్షారం పెరుగుతుంది.

మొక్క 6×9 అంగుళాల సంచిలో అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తుంటే చాలు. ఆరడుగుల మొక్క కావాలని పట్టుబడతారు గానీ, అంత ఆకుకి నీళ్లు పంపే వేరు సంచిలో ఉండదు. నాటడానికి నెల ముందు నుంచి నీళ్లు తగ్గిస్తూ, సంచులు అటూ ఇటూ జరిపి, కిందకి దిగిన వేళ్లు తెంపాలి. నాటేటప్పుడు సంచితోపాటు అడుగున చుట్టుకున్న వేళ్లను అర అంగుళం కోసేయాలి.

పై బెంచీల్లో తెల్లతుమ్మ, సండ్ర, తంగేడు, వేప. మధ్యలో కానుగ, రేల, బిల్లుడు. నేరేడు, నల్లతుమ్మ తేమ ఉండే అడుగు భాగానికే. వేప, నేరేడు గింజలు రెండు మూడు వారాలు దాటితే మొలవవు, పండు రాలిన వెంటనే సంచుల్లో పెట్టాలి. తుమ్మ, రేల గింజలకు మరిగించి దించిన నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి. కోనోకార్పస్ అడిగితే మాత్రం ఇవ్వకూడదనే నా ఉద్దేశం. పచ్చదనం తొందరగా వస్తుంది, దాని నీడలో ఇంకేదీ రాదు.

చెట్ల మధ్య జాగా ఖాళీగా వదలకూడదు. తవ్విన నేలలో తిరిగి గడ్డి పెంచే షరతు గనుల లీజుల్లో పెట్టాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు సంగతి అటుంచినా, మట్టిని పట్టేది గడ్డే. స్టైలో, అంజన్ గడ్డి విత్తనం బెంచీ మీద పలచగా మట్టి పరిచాక చల్లాలి. అంచుల వెంట వట్టివేరు పిలకలు అరడుగు ఎడంలో.

వనమహోత్సవం జులైలోనే అయినా, ఇక్కడ నాటడానికి సరైన అదను చిత్త, స్వాతి కార్తెలు, అంటే అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం దాకా. జులైలో నాటితే ఆగస్టు ఎండకి నల్లరాయి కాలిపోతుంది, కాండం మొదట్లో బెరడు కమిలిపోతుంది. అందుకే రాళ్లు మొక్కకి జానెడు దూరంలో ఉండాలి. మొదటి వేసవి మార్చి నుంచి జూన్ దాకా వారానికి మొక్కకి 15 లీటర్లు, అంటే ఎకరాకు ఒకటిన్నర ట్యాంకరు. క్వారీ గుంటలోని నీళ్లతో డ్రిప్ పెడితే ముందు ఇసుక ఫిల్టరు, తర్వాత డిస్క్ ఫిల్టరు తప్పనిసరి. రాతి పొడికి డ్రిప్పర్లు త్వరగా మూసుకుపోతాయి.

సర్కారు తుమ్మ సంగతి. సమతలంలో ఉంటే మొదలు కిందిదాకా తవ్వి పీకాలి, నరికితే రెండింతలు లేస్తుంది. నిలువు వాలు మీద ఉంటే కదపొద్దు. దిబ్బని ప్రస్తుతం పట్టి ఉంచేది అదే. దాని పక్కనే వేప, కానుగ పెంచి, అవి నిలదొక్కుకున్నాక కొంచెం కొంచెంగా తీయాలి. మేకలు దాని కాయ తిని గింజలు చల్లుతాయి, పైగా మన మొక్కల కొసలు కొరుకుతాయి. గట్టు మీద కిత్తనార వరస నాటినా, మూడో వేసవి దాటేదాకా మనిషి కాపలా తప్పదు.

ఒప్పందంలో సగం డబ్బు నేల పనికి, పావు నాటడానికి, చివరి పావు మూడో వేసవి దాటాక జులైలో బతికున్న మొక్కలు లెక్కపెట్టి తీసుకునేలా రాసుకోవాలి. ఆ లెక్క నర్సరీ వాళ్లు, క్వారీ వాళ్లు ఇద్దరూ కలిసి నడిచి చేయాలి, డ్రోన్ ఫొటోతో కాదు. పైనుంచి చూస్తే సర్కారు తుమ్మ కూడా పచ్చగానే కనిపిస్తుంది.