ఏప్రిల్ 6న తోతాపురి లోడ్: మండీ ఎక్సెల్ ఫైల్ కొత్త విండోస్‌కు మారినప్పుడు

దామలచెరువులో మా మేనమామకు మామిడి మండీ ఉంది. 2009లో నేను తిరుపతిలో డిగ్రీ చదువుతూ ఆ మండీకి ఒక ఎక్సెల్ ఫైల్ చేసిచ్చాను. రైతు పేరు, లోడ్ వచ్చిన తేదీ కొడితే చాలు, కాటా నుంచి తూకం అదే తీసుకుంటుంది, ఆ రోజు రేటు వేసుకుంటుంది, తరుగు, కమీషన్, హమాలీ, ముందుగా ఇచ్చిన అడ్వాన్సు అన్నీ తీసేసి పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) ప్రింట్ చేస్తుంది. లోపల పనంతా మ్యాక్రోలదే, అంటే ఎక్సెల్‌లోనే మనం రాసుకునే చిన్న ప్రోగ్రాములది. ఇన్నేళ్లుగా ఒక సీజన్ కూడా ఆగకుండా నడిచింది. విండోస్ 7, ఎక్సెల్ 2007, ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, అంతే.

ఈ మార్చిలో ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ చప్పుడు చేయడం మొదలుపెట్టింది. విండోస్ 7కు సపోర్ట్ 2020 జనవరి 14నే ఆగిపోయింది కాబట్టి ఎప్పటినుంచో మార్చుకో మామా అని నేను చెబుతూనే ఉన్నాను. ఈసారి ఆయనే ఫోన్ చేశాడు. "కొత్త కంప్యూటర్ తెచ్చేసినాను నాయనా, మన ఫైల్ మాత్రం దాంట్లో తెరుచుకోలేదు, జూన్ లోపల సరిచేసి ఇయ్యి" అన్నాడు. అందులో విండోస్ 11, 64 బిట్ ఎక్సెల్ ఉన్నాయి. మూడు ఆదివారాలు తిరుపతి నుంచి వెళ్లి కూర్చుంటే గానీ పని అవలేదు. చిత్తూరు, బంగారుపాళ్యం వైపు ఇలాంటి పాత ఫైళ్లతోనే లెక్కలు నడిపే మండీలు, చిన్న ఆఫీసులు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లలో, అల్లుళ్లో ఈ పనికి కూర్చున్నప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి అడ్డంకి ఫైల్ తెరవగానే వచ్చింది. పైన ఎర్ర రంగు బార్, మ్యాక్రోలను ఆపేశామని ఒక మాట. పాత రోజుల్లో పసుపు బార్, ఎనేబుల్ బటన్ ఉండేవి, నొక్కితే అయిపోయేది. "ఈ దాంట్లో బటనే లేదు సామీ" అన్నాడు గుమాస్తా అన్న. దీనికి కారణం ఏమిటంటే ఫైల్‌ను ఆయన మెయిల్ నుంచి డౌన్‌లోడ్ చేశాడు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైల్‌కు విండోస్ కంటికి కనబడని ఒక ముద్ర వేస్తుంది, 2022 నుంచి ఆ ముద్ర ఉన్న ఫైళ్లలో మ్యాక్రోలను ఆఫీస్ పూర్తిగా ఆపేస్తోంది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కింద ఉండే అన్‌బ్లాక్ గడిలో టిక్ పెట్టి ఓకే కొడితే ముద్ర పోతుంది. చాలామంది ఇది తెలియక సెట్టింగ్స్‌లోకి వెళ్లి అన్ని మ్యాక్రోలనూ అనుమతించు అని పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. రోజుకు నలుగురు పెన్‌డ్రైవ్‌లు గుచ్చే మండీ కంప్యూటర్‌లో అది వీధి తలుపు తెరిచిపెట్టి పడుకోవడమే. దానికి బదులు సీ డ్రైవ్‌లో మండీ అని ఒక ఫోల్డర్ చేసి, ఎక్సెల్ ఆప్షన్స్‌లో ఉండే ట్రస్ట్ సెంటర్‌లో ఆ ఒక్క ఫోల్డర్‌ను నమ్మకమైన చోటుగా చేర్చండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను మాత్రం ఎప్పుడూ చేర్చొద్దు.

ఆ ఫోల్డర్‌తో ఇంకో చిక్కు కూడా తీరింది. మామ ఫైల్‌ను డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాడు, కొత్త విండోస్‌లో డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్‌లోకి (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలోకి) కలిసిపోయి ఉంది, దాంతో ఫైల్ ఎక్కడుందని మ్యాక్రో అడిగితే ఎక్సెల్ ఫోల్డర్ దారికి బదులు ఒక వెబ్ అడ్రస్ ఇచ్చింది. రోజూ సాయంత్రం బ్యాకప్ కాపీ చేసే మ్యాక్రో అక్కడే ఆగిపోయింది. ఫైల్ సీ డ్రైవ్‌లోకి రాగానే అది మామూలుగా నడిచింది.

తర్వాతది 64 బిట్ గొడవ, పాత ఎక్సెల్ 32 బిట్‌ది. విండోస్ సొంత ఫంక్షన్లను వాడుకునే డిక్లేర్ వాక్యాలు కోడ్‌లో ఉంటే 64 బిట్ ఎక్సెల్ వాటిని ఎర్ర రంగులో చూపించి, వీటికి పీటీఆర్‌సేఫ్ అని చేర్చమంటుంది. మా ఫైల్‌లో ఇలాంటివి 11 ఉన్నాయి, ఎక్కువ భాగం కాటా యంత్రం నుంచి తూకం చదవడానికి రాసినవి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటే నేనూ మొదట చేశాను, ప్రతి డిక్లేర్ పక్కనా ఆ మాట చేర్చి ఊరుకున్నాను. ఎర్ర రంగు పోయింది. రెండు నిమిషాల తర్వాత ఎక్సెల్ మొత్తం చెప్పాపెట్టకుండా మూసుకుపోయింది. పీటీఆర్‌సేఫ్ అనేది మనం పెట్టే సంతకం మాత్రమే. ఈ వాక్యాన్ని నేను చూసుకున్నాను, 64 బిట్‌లో సరిగ్గా ఉంటుంది అని ఎక్సెల్‌కు మాటివ్వడం, అంతకుమించి అది దేన్నీ సరిచేయదు. అసలు మార్పు ఏమిటంటే మెమరీ చిరునామాలు, హ్యాండిళ్లు (విండోస్ ఇచ్చే గుర్తింపు నంబర్లు) పట్టుకునే ప్రతి చోటా లాంగ్ అనే అంకె రకం తీసేసి లాంగ్‌పీటీఆర్ పెట్టాలి. లాంగ్ ఎక్కడైనా 4 బైట్లే, 64 బిట్‌లో చిరునామాకు 8 బైట్లు కావాలి. మా కోడ్‌లో ఒక టైప్ (కొన్ని గడులను కలిపి ఒకటిగా చేసుకునే మూస) లోపల ఉన్న పాయింటర్, అంటే మెమరీ చిరునామా గడి, లాంగ్‌గా మిగిలిపోయింది. డిక్లేర్‌లను ఎక్సెల్ పట్టి చూపిస్తుంది గానీ టైప్ లోపలి గడులను చూపించదు, అవి మనమే ఒక్కొక్కటిగా వెతుక్కోవాలి.

ఇంత తలనొప్పి ఎందుకు, 32 బిట్ ఆఫీస్ వేసుకుంటే పోదా అని మీరు అడగొచ్చు. నిజమే, విండోస్ 11లో 32 బిట్ ఆఫీస్ కూడా చక్కగా నడుస్తుంది. మీ ఫైల్‌లో పాత ఓసీఎక్స్ కంట్రోళ్లు (ఫారం మీద పెట్టుకునే రెడీమేడ్ పెట్టెలు) చాలా ఉంటే, వాటిని మార్చే మనిషి లేకపోతే అదే మంచిదారి. మా ఫైల్‌లో అలాంటిది ఒక్కటే ఉంది, తేదీ ఎంచుకునే చిన్న క్యాలెండర్ పెట్టె. దానికి 64 బిట్ రూపం లేనే లేదు. అది లేని కంప్యూటర్‌లో ఎర్రర్ కూడా అర్థంకాని చోట వస్తుంది, ట్రిమ్, లెఫ్ట్ లాంటి మామూలు ఫంక్షన్ దగ్గర ఆగి లైబ్రరీ దొరకలేదంటుంది. అలా వస్తే ఆ లైన్‌ను పట్టుకుని వేలాడకండి, మ్యాక్రో ఎడిటర్ టూల్స్ మెనూలో రిఫరెన్సెస్ తెరిచి మిస్సింగ్ అని ఏది ఉందో చూసి దాని టిక్ తీసేయండి. నేను ఆ క్యాలెండర్‌ను తీసేసి, మామూలు టెక్స్ట్ పెట్టె ఒకటి పెట్టి, అందులో కొట్టిన దాన్ని సీడేట్ అనే ఫంక్షన్‌తో తేదీగా మార్చాను.

తూకం విషయానికొస్తే, కొత్త కంప్యూటర్‌కు పాత 9 పిన్నుల సీరియల్ పోర్ట్ లేదు, యూఎస్‌బీ కన్వర్టర్ తగిలించాం. దాన్ని వేరే చోట గుచ్చితే కామ్ నంబరు (ఆ పోర్ట్‌కు విండోస్ ఇచ్చే నంబరు) మారిపోవచ్చు కాబట్టి డివైస్ మేనేజర్‌లో ఒక నంబరు ఖాయం చేసి పెట్టాను. ప్రింటర్‌దీ ఇలాంటి కథే, దాని పేరు చివర వచ్చే పోర్ట్ నంబరు కొత్త మెషీన్‌లో వేరే, అందుకే పేరు కోడ్‌లో రాయకుండా ఒక సెల్‌లో పెట్టాను. డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకునే సెట్టింగ్‌ను కూడా ఆపేయండి, లేకపోతే చివరగా వాడిన ప్రింటర్‌కు మారిపోతుంది.

ఇవన్నీ అయ్యేసరికి రెండో ఆదివారం సాయంత్రం. ఎర్రర్ ఒక్కటి కూడా లేదు, కాటా తూకం వస్తోంది, పట్టీ ప్రింట్ అవుతోంది. మామ సంతోషంగా టీ తెప్పించాడు. నేను కూడా పని అయిపోయిందనే అనుకున్నాను. గుమాస్తా అన్న మాత్రం, పోయిన సీజన్ కార్బన్ కాపీల పుస్తకం తీసి, జూన్ నెల పట్టీలు వరసగా కొట్టి చూస్తాను, అవే లెక్కలు రావాలి కదా అన్నాడు. ఆ ఆలోచన ఆయనది, నాది కాదు.

పదో పదిహేనో కొట్టాక పిలిచాడు. "ఏప్రిల్ 6న తోతాపురి ఎవురు తెచ్చినారు సామీ? అప్పటికి కాయ గట్టిపడి కూడా ఉండదే." ఆయన కొట్టింది జూన్ 4న వచ్చిన లోడ్. తేదీ పెట్టెలో 04/06 అని కొట్టాడు, మ్యాక్రో దాన్ని ఏప్రిల్ 6 అనుకుంది. ఆ తేదీకి రేటు షీట్‌లో ఏమీ లేదు కాబట్టి రేటు గడి ఖాళీగా వచ్చింది, అందుకే ఆయన కంట్లో పడింది. నాకు గుండె జారింది, ఎందుకంటే అంతకుముందే ఆయన 07/06 పట్టీలు మూడు కొట్టేశాడు. వాటికి ఖాళీ రాలేదు. జూలై 6 రేటు తీసుకుని, చక్కగా లెక్క కట్టి, ప్రింట్ కూడా అయిపోయాయి. ఒక్క ఎర్రర్ లేదు, ఒక్క ఎర్ర గీత లేదు. టన్నుకు వెయ్యి రూపాయలు తేడా ఉన్నా ఐదు టన్నుల ట్రాక్టర్ తెచ్చిన రైతుకు ఐదు వేలు పోయినట్టే.

కారణం చాలా చిన్నది. కొత్త కంప్యూటర్ సిద్ధం చేసిన వాళ్లు రీజియన్‌ను, అంటే తేదీలు, అంకెలు ఏ దేశం పద్ధతిలో ఉండాలో చెప్పే విండోస్ సెట్టింగ్‌ను, అమెరికా ఇంగ్లీష్‌గా వదిలేశారు. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. సీడేట్ ఏమో కంప్యూటర్ రీజియన్ ఎలా ఉంటే అలా అర్థం చేసుకుంటుంది. ఇంకా దారుణం ఏమిటంటే 13/06 అని ఇస్తే, 13వ నెల లేదు కాబట్టి తనే తిప్పుకుని జూన్ 13 అని సరిగ్గానే తీసుకుంటుంది. అంటే జూన్‌లో 30 రోజులకు 19 రోజులు సరిగ్గా వస్తాయి, 11 రోజులు తప్పుతాయి. జూన్ 20న పరీక్షించి చూసిన వాళ్లకు అంతా బాగుందనే అనిపిస్తుంది. మా తోతాపురి సీజనంతా జూన్, జూలైలోనే కాబట్టి జూన్ 7, జూలై 6 లాంటివి ఒకదానికొకటి తారుమారైనా రెండూ సీజన్ లోపలే పడతాయి, ఎవరికీ అనుమానం రాదు.

రీజియన్‌ను ఇంగ్లీష్ ఇండియాకు మార్చాను, దాంతో 125,000 అని కనబడే మొత్తాలు కూడా మళ్లీ 1,25,000గా మారాయి. కానీ అంతటితో వదల్లేదు. రేపు ఎవరైనా ఫార్మాట్ చేసి మళ్లీ అమెరికా పెడితే? అందుకని ఆ టెక్స్ట్ పెట్టెను తీసేసి రోజు, నెల, సంవత్సరం అని మూడు పెట్టెలు పెట్టాను, ఆ మూడు అంకెల నుంచి డేట్‌సీరియల్ ఫంక్షన్‌తో తేదీ కట్టాను. దానికి రీజియన్‌తో పని లేదు. ఏప్రిల్ లాంటి నెల ఇస్తే సీజన్ కాదని అడిగి గానీ ముందుకు పోదు. మీ ఫైల్‌లో కూడా సీడేట్, డేట్‌వాల్యూ ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకండి, మిగతా పనులన్నిటికన్నా ముందు.

మూడో ఆదివారం తెలుగు అక్షరాలకే పోయింది. పట్టీ పైన ఉండే శీర్షిక పాత నాన్ యూనికోడ్ ఫాంట్‌లో (ఇంగ్లీష్ అక్షరాల స్థానంలో తెలుగు గీతలు చూపించే రకం) ఉంది, ఆ ఫాంట్ లేని మెషీన్‌లో పిచ్చి గీతలుగా కనబడింది. యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేశాను. ఒక మాట గుర్తుంచుకోండి, మ్యాక్రోలు రాసే ఆ ఎడిటర్‌లో తెలుగు నిలవదు, అన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. మెసేజ్ బాక్స్‌లోనూ అంతే. తెలుగు మాటలన్నీ ఒక దాచిన షీట్‌లో రాసిపెట్టి, అక్కడి నుంచి సెల్ ద్వారా చదివించి ఫారం మీద లేబుల్‌లో చూపిస్తే చక్కగా వస్తాయి.

గుమాస్తా అన్న పోయిన సీజన్ జూన్ పుస్తకం మొత్తం మళ్లీ కొట్టాడు, నాలుగు సాయంత్రాలు పట్టింది. ప్రతి పట్టీ కింద పాత మొత్తం పక్కన కొత్త మొత్తం పెన్సిల్‌తో రాసి టిక్ పెట్టాడు. ఇప్పుడు జూలై పుస్తకం మొదలుపెట్టాడు. పాత హార్డ్ డిస్క్‌ను మొత్తం కాపీ తీసి, నెట్ వైర్ పీకేసి, ఆ కంప్యూటర్‌ను కాటా గదిలో పక్కన పెట్టాం. జూలై ఆఖరి లోడ్ దిగేదాకా అది అక్కడే ఉంటుంది.