పెయ్య కోసం రెండు సూదులు

మా అనంతపురం జిల్లాలో వేరుశనగ ఎండిన ఏడాది ఇల్లు నడిపేది పాలే కనుక, ఆవు ఈనినప్పుడు పెయ్యా కోడెదూడా అన్నది మాకు చిన్న ప్రశ్న కాదు. ట్రాక్టర్లు వచ్చాక కోడెను అడిగేవారే తగ్గిపోయారు. అందుకే ఎక్కువగా పెయ్యలే పుట్టేలా వేరుచేసిన లింగ నిర్ధారిత వీర్యం గురించి విన్న నాన్న, మా జెర్సీ సంకర ఆవుకు కృత్రిమ గర్భధారణ సూదిగా అదే వేయించాలని పట్టుబట్టారు.

దీని వెనుక సూత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. పెయ్యనిచ్చే ఎక్స్ క్రోమోజోము ఉన్న వీర్యకణంలో, కోడెదూడనిచ్చే వై ఉన్నదానికంటే డీఎన్‌ఏ దాదాపు 4 శాతం ఎక్కువ. రంగు పట్టించి లేజర్ కాంతి ముందు ఒక్కొక్కటిగా పంపితే, ఆ కాస్త తేడాతోనే యంత్రం వాటిని వేరుచేస్తుంది. పెయ్య పుట్టే అవకాశం సుమారు 90 శాతం.

అయితే ఈ వడపోతలో కణాలు కొంత దెబ్బతింటాయి, వీర్యం నింపిన సన్నని గొట్టం, అంటే ఒక్కో స్ట్రాలో వాటి సంఖ్యా తక్కువే, కాబట్టి చూలు నిలిచే అవకాశం మామూలు సూదికంటే తగ్గుతుంది. మొదటిసారి నిలవలేదు, తప్పు మాదే, ఉదయం ఎదకొచ్చి తీగలు వేసిన ఆవుకు మరునాటి మధ్యాహ్నం దాకా కబురు చేయలేదు. రెండోసారి సాయంత్రానికే వచ్చిన పశువైద్య సహాయకుడు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని క్యానులోంచి స్ట్రా తీసి, 37 డిగ్రీల నీటిలో అర నిమిషం ముంచి, తుడిచి కత్తిరించాడు. నాన్న గడియారం చూస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఆరో నెల చూడి. అమ్మ అప్పుడే పెయ్యకు పేరు వెతుకుతోంది.