ఉంగరం లాంటి ప్యాడ్

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

ఈరోజంతా ఒక్క ప్యాడ్ (సర్క్యూట్ బోర్డు మీద భాగాన్ని టంకంతో అతికించే రాగి చోటు) మీదే గడిచిపోయింది. పొద్దున్నే పిట్టల కూతలు రికార్డు చేయడానికి చిన్న బోర్డు ఒకటి మొదలుపెట్టాను కదా, దానికి పెట్టే మెమ్స్ మైక్ (సిలికాన్ చిప్‌లా చేసిన బుల్లి మైకు) సైజు 3.5 × 2.65 మిల్లీమీటర్లే, పైగా శబ్దం లోపలికెళ్లే రంధ్రం దాని అడుగున ఉంటుంది. అంటే బోర్డుకే బెజ్జం పెట్టి, ఆ బెజ్జం చుట్టూ ఉంగరంలా గ్రౌండ్ ప్యాడ్ ఇవ్వాలి. టంకం ఆ చుట్టూతా అతుక్కుంటేనే శబ్దం పక్కలకి పోకుండా నేరుగా మైకులోకి వెళ్తుంది. నాకు ఈ బోర్డులో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు అదే.

బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లో ప్యాడ్‌లకి గుండ్రం, ఓవల్, దీర్ఘచతురస్రం లాంటివి సిద్ధంగా ఉంటాయి గానీ ఉంగరం ఉండదు, మనమే గీసుకోవాలి. 2018లో 5వ వెర్షన్‌తో ఆ వీలు వచ్చింది. ఇప్పటి వెర్షన్లలో ఇంకా సులువు, ఫుట్‌ప్రింట్ ఎడిటర్‌లో (ఒక్కో భాగానికి కావాల్సిన ప్యాడ్‌లు గీసే చోటు) ప్యాడ్‌ని ఎంచుకుని కంట్రోల్, E కలిపి నొక్కితే దాన్ని గీతలతో, వృత్తాలతో మార్చుకోవచ్చు, మళ్లీ నొక్కితే అన్నీ కలిసి ఒక్క ప్యాడ్ అయిపోతాయి. 0.65 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి గీత మందం 0.3 ఇచ్చాను. బయటి వ్యాసం 1.6, లోపలిది 1.0, మైకు తయారీదారు ఇచ్చిన డేటాషీట్‌లో ఉన్నట్టే.

అయితే ఇలాంటి ప్యాడ్‌కి యాంకర్ అని చిన్న ముక్క ఒకటి తప్పనిసరిగా ఉంటుంది, అదీ రాగే. దాన్ని మధ్యలో వదిలేశాను, సరిగ్గా బెజ్జం మీద! తప్పు కనిపించగానే 0.3 చుక్కగా తగ్గించి, 0.65 పైకి జరిపి, ఉంగరం గీతలోనే కలిపేశాను.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి సోల్డర్ పేస్ట్ (టంకం ముద్ద) సంగతి చూశాను. అసలు కష్టం ఇక్కడే. రాగి ఉంగరం పూర్తిగా ఉండొచ్చు గానీ పేస్ట్ పూయడానికి వాడే రేకు అచ్చులో, అంటే స్టెన్సిల్‌లో, అలా కోస్తే మధ్యలో ఉన్న రేకు బిళ్ల ఊడి కిందపడుతుంది, దాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు కదా. అమ్మ వాడే ముగ్గు అచ్చులో కూడా అందుకే ఏ సున్నా గీతా పూర్తిగా కోసి ఉండదు, మధ్యమధ్యలో ఆపి ఉంటుంది. సరే అని ప్యాడ్‌కి పేస్ట్ లేయర్ (స్టెన్సిల్‌లో ఎక్కడ కోయాలో చూపే పొర) తీసేసి, ఆ లేయర్‌లోనే విడిగా నాలుగు చాపాలు గీశాను, మధ్యలో 20 డిగ్రీల చొప్పున ఖాళీ వదిలి. చూస్తే ఖాళీయే లేదు! గీత చివరలు గుండ్రంగా ఉంటాయి, మందం 0.3 కాబట్టి రెండు వైపులా 0.15 చొప్పున ముందుకొస్తాయి, 20 డిగ్రీలకి దొరికేదే 0.23. ఖాళీని 45 డిగ్రీలు చేస్తే గానీ 0.2 వంతెన మిగల్లేదు. వేడికి పేస్ట్ కరిగి రాగి మీద పాకి ఆ ఖాళీలు పూడుకోవాలి, పూడుకుంటాయనే నమ్మకం.

సాయంత్రం అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, మైకుని వెల్లకిలా పక్కన పెట్టి భూతద్దంతో చూశాను. కాగితం మీదిదీ, మైకు అడుగుదీ, రెండు ఉంగరాలూ ఒకటే. ఎంత హాయిగా అనిపించిందో! ఫైళ్లు రేపు పొద్దున పంపుతాను, ఈలోగా పిన్ ఒకటి చూసుకోవాలి, మైకుని తిరగేసి చూస్తే ఎడమ కుడులు మారిపోతాయి.