కార్పస్ క్రిస్టీ నుంచి లాక్కొచ్చిన పాత కాటమరాన్

మే నెలలో ఒక శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి హ్యూస్టన్‌లో బయల్దేరాం, నేనూ మా బావమరిదీ. వాడు డాలస్ నుంచి ముందు రోజు రాత్రే వచ్చేశాడు. వెనక సీట్లో ట్రైలర్‌కి సరిపోయే రెండు స్పేర్ చక్రాలు, గ్రీజు డబ్బా, పట్టీలు, ఫ్లాస్కులో టీ, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర. కార్పస్ క్రిస్టీలో ఒక పెద్దాయన పెరట్లో ఏళ్ళుగా కదలకుండా ఉన్న హోబీ 16 అనే రకం తెరచాప కాటమరాన్‌ని చూసి, బాగుంటే కొని ఇంటికి లాక్కురావాలి, అదీ పని. ఆయన అడిగింది ట్రైలర్‌తో కలిపి 900 డాలర్లు. కొత్తదైతే పది వేలు దాటిపోతుంది.

నేనెందుకు దీని వెంట పడ్డానో చెప్పాలంటే మా ఊరి గురించి చెప్పాలి. మాది భీమిలి. చిన్నప్పుడు తెప్పలు ఒడ్డుకి రాగానే తాళ్ళు విప్పేసి, దుంగల్ని విడివిడిగా ఇసకలో ఆరబెట్టేవాళ్ళు. చెక్క నీళ్ళు పీల్చుకుంటే బరువెక్కుతుంది, అందుకే ఎండబెట్టి మళ్ళీ కట్టుకోవడం. తమిళంలో దాన్నే కట్టుమరం అంటారు. కట్టు మనకీ కట్టే, మరం అంటే మన మ్రాను. ఆ మాటే ఇంగ్లీషులోకి పోయి కాటమరాన్ అయింది, చివరికి రెండు సన్నటి పడవల్ని అడ్డకర్రలతో కలిపిన ఈ రకానికి పేరై కూర్చుంది. మా తీరంలో ఇప్పుడు చాలా చోట్ల ఫైబర్ పడవలే, అయినా నాకు కాటమరాన్ అన్న మాట వింటే ఆ ఆరుతున్న దుంగలే కళ్ళ ముందుకొస్తాయి.

హ్యూస్టన్ నుంచి కార్పస్ సుమారు 210 మైళ్ళు. వార్టన్, ఎల్ కాంపో, విక్టోరియా దాకా 59వ నంబరు హైవే మీద పోయి, అక్కణ్ణుంచి 77 పట్టుకున్నాం. రెఫ్యూజియో దాటాక నేలంతా చదునైపోతుంది, సింటన్ దగ్గరికొచ్చేసరికి పత్తి చేలూ గాలిమరలూ. గాలిమరలు అన్నీ గిర్రున తిరుగుతుంటే బావమరిది, "బావా, ఈ గాలికి పడవ తీసుకెళ్ళాలంటే మనకి ధైర్యం చాలాలి" అన్నాడు. ఆ తీరంలో వేసవి మొదట్లో సముద్రం వైపు నుంచి గాలి మధ్యాహ్నానికి బాగా జోరందుకుంటుంది.

పెద్దాయన ఇల్లు లగూనా మాడ్రే అనే ఉప్పునీటి కయ్య వైపు. రిటైరైన టీచరు. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయాక పడవ నీళ్ళలోకి దిగలేదట. ఏదీ దాచకుండా తనే చూపించాడు, ఇక్కడ మెత్తబడింది, ఇక్కడ తీగ తెగింది అని.

పాత హోబీ కొనేవాళ్ళకి ఒక్క మాట చెబుతాను, ముందు తెరచాపలూ తాళ్ళూ చూడకండి, అవి డబ్బుతో వస్తాయి. డెక్ చూడండి, అంటే ఆ రెండు సన్నటి పడవల పై భాగం. ఈ పడవ డెక్ రెండు ఫైబర్ పొరల మధ్య ఫోమ్ పెట్టి చేసింది. పొర ఫోమ్‌ని వదిలేస్తే పైకి ఏమీ కనబడదు, బొటనవేలితో నొక్కితే మాత్రం లోపలికి దిగుతుంది. జేబులోంచి క్వార్టర్ బిళ్ళ తీసి, కుండ కొనేటప్పుడు తట్టినట్టు, అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాను. గట్టిగా ఉన్న చోట టక్ టక్‌మని పలికింది. కుడి హల్ మీద, అంటే కుడి వైపు పడవ మీద, ముందు అడ్డకర్ర నిలబడే చోటుకి కాస్త ముందుగా, రెండు అరచేతులంత మేర డబ్ డబ్‌మంది. పెన్సిలుతో దాని చుట్టూ గీత గీశాను. తర్వాత అడుగు భాగం. హోబీ 16కి కింద నీళ్ళలోకి దిగే మధ్యపలకలు ఉండవు, అందుకే ఎవరైనా ఇసక మీదే ఈడ్చేస్తారు, ఏళ్ళు గడిచేకొద్దీ అడుగు అరిగిపోతుంది. ఇది పరవాలేదు.

చివర్లో హల్‌లోంచి నీళ్ళు వదిలే వెనక ప్లగ్గులు విప్పమన్నాను. ఎడమ దాంట్లోంచి ఏమీ రాలేదు. కుడి దాని ముందు భాగం ఎత్తగానే చెరువు నీళ్ళ రంగులో ధార కట్టింది, ఓ బకెట్ పైనే వచ్చింది. వాన నీళ్ళు ఎక్కడో దారి చేసుకుని దిగాయి. డెక్ మెత్తబడింది కూడా ఆ వైపే. వెనక పలక కుడి పక్కన పోతపోసిన పన్నెండక్షరాల నంబరు టైటిల్ కాయితంతో, అంటే యాజమాన్య పత్రంతో, పోల్చి చూశాను, సరిపోయింది. టెక్సస్‌లో 14 అడుగులూ ఆ పైన ఉన్న తెరచాప పడవకి టైటిలూ రిజిస్ట్రేషనూ తప్పవు, కాయితం లేని పడవ ఎంత చవకైనా వద్దు. బేరం 750 దగ్గర తెగింది.

తిరుగు ప్రయాణంలో టెన్షనంతా ట్రైలర్ గురించే. పాత టైర్లు పగుళ్ళిచ్చేశాయి, మావి తగిలించాం, బేరింగుల్లో కొత్త గ్రీజు కూరాం, అయినా ప్రతి నలభై మైళ్ళకీ ఆగి చక్రం మధ్యలో చెయ్యి పెట్టి చూసుకున్నాను. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత కాలితే అక్కడే ఆగిపోవాలి. గంటకి 55 మైళ్ళు దాటకుండా వచ్చాం. ఇల్లు చేరేసరికి రాత్రి పది.

తర్వాత ఆరు వారాలు పని. తీగలన్నీ కొత్తవి వేశాను, తెగిన పోగు ఒక్కటి కనబడినా మొత్తం మార్చాల్సిందే, ఎందుకంటే తెరచాప కట్టే 26 అడుగుల స్తంభం, మాస్ట్, నిలబడేది వాటి మీదే. మధ్యలో మనం కూర్చునే ట్రాంపొలిన్ గుడ్డ ఎండకి చివికిపోయింది, అదీ కొత్తదే. ఇవి కొనుక్కొచ్చి బిగించే పనులు, పెద్దగా చెప్పేదేం లేదు.

అసలు పని కుడి హల్. ముందు ఆరబెట్టాలి. మూతలు తీసి, లోపలికి గాలి ఆడేలా చిన్న ఫ్యాను పెట్టి, మూడు వారాలు హ్యూస్టన్ ఎండకి వదిలేశాను. వాన మబ్బు కనబడితే ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే మా ఆవిడ పరిగెత్తి టార్పాలిన్ కప్పేది. తర్వాత పెన్సిలు గీత లోపల అంగుళానికొకటి చొప్పున పై పొర వరకే సన్నటి రంధ్రాలు వేసి, సిరంజితో ఎపాక్సీ జిగురు ఎక్కించాను. ఒక రంధ్రంలో పోస్తుంటే పక్క రంధ్రంలోంచి తేనెలా ఉబికొచ్చేది, అప్పుడు దానికి టేపు వేసి పక్కదానికి వెళ్ళడం. ఎండెక్కాక ఎపాక్సీ కప్పులోనే వేడెక్కి గట్టిపడిపోతుంది, అందుకే పొద్దున్న ఆరింటికే మొదలుపెట్టి చిన్న చిన్న కప్పుల్లో కలిపాను. పైన పాలిథిన్ పరిచి ఇసక సంచులు పెట్టాను. మర్నాడు బిళ్ళతో తడితే టక్‌మంది! నలభై ఏళ్ళు దాటిన పడవ, మళ్ళీ గట్టిగా పలికింది.

మరి నీళ్ళు దిగిన దారి? ప్లగ్ రంధ్రంలో గొట్టం పెట్టి, తక్కువ ఒత్తిడితో గాలి ఊదుతూ, డెక్ అంచు పొడవునా సబ్బు నీళ్ళు బ్రష్‌తో రాశాను. ఎక్కడా ఏమీ లేదు. చివర చుక్కాని బిగించే ఇత్తడి రంగు స్క్రూల దగ్గర, పై దాని పక్కనుంచి, ఆవగింజంత బుడగ ఒకటి వచ్చి, పగిలి, మళ్ళీ వచ్చింది. అదే. బకెట్ నీళ్ళకి దారి అంతే. స్క్రూలు విప్పి, శుభ్రం చేసి, సీలెంట్ పూసి బిగించాను.

జులైలో టెక్సస్ సిటీ డైక్‌కి తీసుకెళ్ళాం. గాల్వెస్టన్ బే లోకి సుమారు ఐదు మైళ్ళు చొచ్చుకుపోయిన రాతి కట్ట అది. మాస్ట్ ఎత్తే ముందు ఇద్దరం తలెత్తి చుట్టూ చూశాం, కరెంటు తీగలు లేవు. ఇది ప్రాణాలకి సంబంధించిన విషయం. అల్యూమినియం మాస్ట్ తీగకి తగిలి మనుషులు పోయాకే, 1980లలో హోబీ మాస్ట్‌ల పై భాగం ఫైబర్‌తో చేయడం మొదలుపెట్టారు.

గాలి ఓ మోస్తరుగా ఉంది. బే సగటు లోతు రెండు మీటర్లే, పడవ పూర్తిగా తిరగబడితే మాస్ట్ బురదలో దిగబడిపోతుంది, అందుకే మొదటి రోజు ఒడ్డుకి దగ్గర్లోనే ఉందామనుకున్నాం. పెద్ద తెరచాప తాడు లాగానో లేదో ఎడమ హల్ కాస్త తేలికైంది, కుడిది నీళ్ళని చీలుస్తూ చప్పుడు మొదలుపెట్టింది, మోటారు లేకుండా అంత వేగం నేనెప్పుడూ ఎరగను. "బావా, తాడు వదులు, వదులు!" అని బావమరిది అరుస్తూనే నవ్వుతున్నాడు. రెండు గంటలు అటూ ఇటూ తిరిగాం. దూరంగా ఓడల కాలువలో ట్యాంకర్లు నెమ్మదిగా పోతున్నాయి.

ఒడ్డుకి లాగాక, ఇద్దరం మాట్లాడుకోకుండానే నేరుగా వెనక్కి వెళ్ళి ప్లగ్గులు విప్పాం. ఎడమ దాంట్లో ఏమీ లేదు. కుడి దాని ముందు భాగం వాడు ఎత్తిపట్టుకున్నాడు, నేను కింద దోసిలి పట్టాను. రెండు చెంచాల నీళ్ళు వచ్చాయి. ఇంకా పైకి ఎత్తమన్నాను. ఇంకేమీ రాలేదు.