మా గల్లీ, మా గినెల్

మా ఇంటి వెనక రెండు గోడల మధ్య సన్నటి దారి ఒకటి ఉంది. అటు నుంచి వెళ్తే బస్ స్టాప్ దగ్గర. ఇక్కడ ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో దాన్ని గినెల్ అంటారు, కొందరు స్నికెట్ అంటారు. కరీంనగర్‌లో ఉన్న మా అమ్మకి అది గల్లీ, తెనాలిలో ఉన్న మా అత్తగారికి సందు. పిల్లలిద్దరికీ ఈ మాటలన్నీ వచ్చు. అమ్మమ్మతో ఫోన్‌లో ఒకటి, నాయనమ్మతో ఒకటి, స్నేహితులతో ఇంకొకటి. ఎవరూ నేర్పలేదు.

పాపకి పదిహేనేళ్లు. దాని ఇంగ్లిష్ అచ్చమైన యార్క్‌షైర్ యాస, అంటే లీడ్స్ ఉన్న ఈ ఉత్తర ఇంగ్లండ్ ప్రాంతపు యాస. బస్సుని "బుస్" అంటుంది, కప్పుని "కుప్" అంటుంది. ఏమీ లేదనడానికి "నౌట్", ఏదో ఒకటి అనడానికి "సమ్మట్". పోయిన వేసవిలో లండన్ దగ్గర బంధువుల ఇంటికి వెళ్లాం. అక్కడ ఒక పెద్దాయన, ప్రేమగానే, "ఈ యాస మాన్పించమ్మా. రేపు ఉద్యోగం ఇంటర్వ్యూల్లో చిన్నచూపు చూస్తారు. ట్యూటర్‌ని పెట్టు" అన్నారు. పాప అక్కడేమీ మాట్లాడలేదు. తిరుగు రైల్లో వేక్‌ఫీల్డ్ దాటాక అడిగింది, "అమ్మా, నేను తప్పుగా మాట్లాడుతున్నానా?"

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో నేను "జర ఆగు, వస్తున్న" అంటే నవ్వేవాళ్లు. తెలంగాణ నడిబొడ్డున తెలంగాణ మాటకి నవ్వు! అప్పటి సినిమాల్లో మా యాస రౌడీకో కమెడియన్‌కో తప్ప హీరోకి ఉండేది కాదు. ఏడాది తిరిగేసరికి నేను మాట మార్చుకున్నాను. సెలవులకి ఇంటికి వెళ్తే అమ్మ అన్నది, "గట్లెందుకు మాట్లాడుతున్నవ్ బిడ్డా, సుట్టమొచ్చినట్టు?" ఆ మాట ఇప్పటికీ నాలో ఉంది. అందుకే ట్యూటర్‌ని పెట్టలేదు, పెట్టను కూడా.

పెత్తనం ఎక్కడ ఉంటుందో అక్కడి మాటే "మంచి భాష" అవుతుంది. ఇది తెలంగాణలో చూశాను, ఇంగ్లండ్‌లో మళ్లీ చూస్తున్నాను. స్కాట్లాండ్‌కి, వేల్స్‌కి 1999 నుంచి సొంత చట్టసభలున్నాయి. 2000 నుంచి లండన్‌కి సొంత మేయర్ ఉన్నారు. యాభై లక్షల మందికి పైగా ఉన్న యార్క్‌షైర్‌కి మాత్రం చాలాకాలం ఏమీ లేదు.

ఇది మా ఇంటి దాకా వచ్చింది బస్సు వల్లే. మూడేళ్ల కిందట మా రూట్‌లో సాయంత్రం బస్సులు తీసేశారు. పాప కూచిపూడి క్లాసు నుంచి చలిలో, చీకట్లో నలభై నిమిషాలు నడిచి రావాల్సి వచ్చేది. నాకు రోజూ టెన్షనే. కౌన్సిల్‌కి రాస్తే, రూట్లు బస్సు కంపెనీల ఇష్టం, మా చేతుల్లో లేదు అని జవాబు. ఇదేమిటని చదివితే తెలిసింది: 1986లో లండన్ బయట బస్సుల్ని ప్రైవేటు కంపెనీల పోటీకి వదిలేశారట. లండన్‌లో మాత్రం రూట్లు, టికెట్ ధరలు ప్రభుత్వ సంస్థ చేతుల్లోనే ఉంచుకున్నారు. లీడ్స్ ట్రామ్ కథా ఇంతే. 2005లో ఒకసారి, తీగల కరెంటుతో నడిచే ట్రాలీబస్ పేరుతో 2016లో ఇంకోసారి, వద్దన్న మాట లండన్ నుంచే వచ్చింది. ఇంత పెద్ద ఊళ్లో ఈరోజుకీ ట్రామ్ లేదు.

2021 మేలో వెస్ట్ యార్క్‌షైర్‌కి మొదటిసారి మేయర్ ఎన్నిక జరిగింది. కామన్వెల్త్ పౌరులకి ఇక్కడ ఓటు ఉంటుంది కాబట్టి, చేతిలో ఇండియన్ పాస్‌పోర్ట్‌తోనే నేనూ ఓటేశాను. ట్రేసీ బ్రాబిన్ గెలిచారు. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, వేక్‌ఫీల్డ్, కర్క్‌లీస్, కాల్డర్‌డేల్ కలిపి ఇరవై మూడు లక్షల మందికి ఒక మేయర్. 2024 మార్చిలో బస్సుల్ని మళ్లీ ప్రజల అదుపులోకి తేవాలని నిర్ణయించారు. మాంచెస్టర్ ఆ పని మాకంటే ముందే చేసింది, 2025 జనవరికల్లా అక్కడి బస్సులన్నీ ప్రజల అదుపులోకి, పసుపు రంగులోకి వచ్చాయి. మా వంతు 2027లో మొదలవ్వాలి.

ఇది చాలదని మా ఆయన వాదన. ఒప్పుకుంటాను. కేంద్రం ఇచ్చేది ఏడాదికి 3.8 కోట్ల పౌండ్లు, ముప్పై ఏళ్ల పాటు. మిగతా డబ్బు కోసం ఇంకా లండన్ గుమ్మం ముందు నిలబడాల్సిందే. మొత్తం యార్క్‌షైర్‌కి ఒకే మేయర్ కావాలని ఇక్కడి కౌన్సిళ్లు చాలావరకు కలిసి అడిగితే 2019లో కుదరదన్నారు. నాలుగు ముక్కలుగా ఇచ్చారు. అసలు జనమే వద్దన్న రోజులూ ఉన్నాయి. 2004లో ఈశాన్య ఇంగ్లండ్‌కి ప్రాంతీయ సభ కావాలా అని ఓటు పెడితే వందకి డెబ్బై ఎనిమిది మంది వద్దన్నారు. ఆ సభకి అధికారాలు పెద్దగా లేవు, ఖర్చు మాత్రం కనపడింది. చేతిలో ఏమీ పెట్టకుండా కుర్చీ చూపిస్తే ఎవరు కావాలంటారు?

బాబు సంగతి కూడా చెప్పాలి. వాడికి పదకొండేళ్లు. "నువ్వు ఇంగ్లిష్‌వాడివా?" అని ఎవరైనా అడిగితే ఒక క్షణం ఆగుతాడు. "నీది యార్క్‌షైరా?" అంటే ఆగడు. ఆగస్టు 1న యార్క్‌షైర్ డే అని తెల్ల గులాబీ బ్యాడ్జీ తనే పెట్టుకుంటాడు. దేశం పేరు కంటే ఊరి పేరు వాడికి ముందు దగ్గరయింది. ఊరి పేరు కూడా ఎప్పుడూ ఇంత తేలిగ్గా అందేది కాదు. ఇక్కడి కౌంటీ క్రికెట్ క్లబ్ ఒకప్పుడు యార్క్‌షైర్‌లో పుట్టినవాళ్లనే ఆడించేది. ఆ పట్టు 1992లో సడలింది. ఆ ఏడాదే మొదటి విదేశీ ఆటగాడిగా వచ్చింది మన సచిన్, పంతొమ్మిదేళ్ల పిల్లాడు. హెడింగ్లీ స్టేడియం పక్కగా వెళ్లినప్పుడల్లా బాబుకి అది చెప్తుంటాను. అక్కడ పుట్టినవాడిదే కాదు, అక్కడ బతికేవాడిదీ ఊరే అని వాడికి గట్టిగా తెలియాలి.

పోయిన ఆదివారం పాప అమ్మమ్మకి ఫోన్‌లో "నౌట్" నేర్పింది. బదులుగా అమ్మమ్మ "పైలం" నేర్పింది. ఇప్పుడు పొద్దున బడికి బయల్దేరే తమ్ముడికి రోజూ గినెల్ చివరి దాకా వినపడేలా "పైలం రా!" అని అరుస్తోంది.

2028 మేలో మళ్లీ మేయర్ ఎన్నిక. అప్పటికి పాపకి పద్దెనిమిది నిండుతాయి. మా పోలింగ్ కేంద్రం ఆ గినెల్ దాటగానే ఉన్న చర్చి హాల్లో. ఇద్దరం కలిసి నడిచి వెళ్తాం.