ఊడిన పిలక

నిన్న రాత్రి తిరుపతిలో కన్యాశుల్కం నాటకం చూశాం. మొత్తం వేస్తే తెల్లారిపోతుంది కాబట్టి రెండు గంటలకు కుదించారు. అమ్మకు 1955లో పి.పుల్లయ్య తీసిన సినిమానే అసలు కథ. ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి. "ఈ గిరీశం అందంగా లేడేందిరా" అని పది నిమిషాలు గొణుగుతూనే ఉంది. నాకైతే అదే నచ్చింది. ఎన్టీఆర్‌ని చూస్తే మోసగాడని నమ్మబుద్ధి కాదు. ఇతను నోరు తెరవగానే జేబు తడుముకున్నాను.

మధ్యలో లుబ్ధావధాన్లు వేసినాయన పిలక ఊడి భుజం మీద పడింది. ఆయన తొణకలేదు. దాన్ని తీసి, దులిపి, భద్రంగా బొడ్లో దోపుకుని డబ్బు సంగతి మాట్లాడుతూనే ఉన్నాడు. పిసినారి కదా, పారేస్తాడా! హాలంతా ఒకటే నవ్వు. రీటేకులుండే సినిమాకు ఈ అదృష్టం ఎక్కడిది?

1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకం ఇది. ఆ యాసకు మా చిత్తూరు చెవులు అలవాటు పడడానికి కాస్త టైం పట్టింది, అంతే.

బస్టాండుకొచ్చాక అమ్మ ఉన్నట్టుండి గిరీశంలా "డామిట్, కథ అడ్డం తిరిగింది" అంది. చూద్దును కదా, మా ఊరి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.